రిబుల్‌హెడ్ రైల్వే స్టేషను: చరిత్ర, సేవలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని యార్క్‌షైర్ డేల్స్ కొండల నడుమ, సెటిల్–కార్లైల్ రైలుమార్గంలో ఉన్న చిన్న గ్రామీణ స్టేషను రిబుల్‌హెడ్. 1876లో ప్రారంభమై, 1970లో మూతపడి, 1986లో తిరిగి తెరుచుకున్న ఈ స్టేషను చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మార్గనిర్మాణానికి దారితీసిన కంపెనీల పోటీ, నిర్మాణ కూలీల వాడలు, స్టేషను అందించిన సేవలు, మూసివేతకు ఆధారమైన గణన పద్ధతి, దానికి ఎదురైన ప్రజా ప్రతిఘటన ఇందులోని ప్రధానాంశాలు. గ్రామీణ రైల్వే స్టేషను విలువను ఏ కొలమానంతో నిర్ణయించాలి అన్న ప్రశ్నకు రిబుల్‌హెడ్ చరిత్ర ఇచ్చే సమాధానాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: రిబుల్‌హెడ్, సెటిల్–కార్లైల్ మార్గం, మిడ్‌లాండ్ రైల్వే, బీచింగ్ నివేదిక, గ్రామీణ రవాణా, ప్రజా ప్రతిఘటన.

1. ఉపోద్ఘాతం:
రైల్వే చరిత్రను సాధారణంగా మహానగరాల స్టేషన్ల నుంచి, ఇంజనీర్ల విజయాల నుంచి, కంపెనీల లాభనష్టాల నుంచి చెప్పడం పరిపాటి. చుట్టుపక్కల చెప్పుకోదగిన ఊరు కూడా లేని ఒక కొండప్రాంతపు స్టేషను ఆ చరిత్రలో పాదసూచికగా మిగిలిపోతుంది. కాని ఒక సమాజం తన మారుమూల ప్రాంతాలకు ఏం బాకీపడి ఉందన్న ప్రశ్న పెద్ద స్టేషన్ల కంటె ఇలాంటి చిన్న స్టేషన్లలోనే స్పష్టంగా ఎదురవుతుంది. పెద్ద స్టేషను ఉనికిని ఎవరూ ప్రశ్నించరు. చిన్న స్టేషను మాత్రం ప్రతి తరంలోనూ తన ఉనికికి కారణం చెప్పుకోవలసి వస్తుంది.

రిబుల్‌హెడ్ అటువంటి స్టేషను. లీడ్స్ నగరానికి వాయవ్యంగా సుమారు 52 మైళ్ల దూరంలో, సముద్రమట్టానికి వెయ్యి అడుగులకు పైగా ఎత్తులో ఇది ఉన్నది. వెర్న్‌సైడ్ (736 మీటర్లు), ఇంగిల్‌బరో (723 మీటర్లు), పెన్-ఇ-గెంట్ (694 మీటర్లు) అనే మూడు శిఖరాలు దీనికి సమీపంలో ఉన్నాయి. చుట్టూ సున్నపురాయి నేలలు, పీట్ బురదనేలలు, గొఱ్ఱెలు మేసే బీళ్లు, ఎడతెగని గాలివానలు. ఇంత నిర్జనమైన చోట స్టేషను ఎందుకు వెలసింది, వెలసిన స్టేషను ఎవరికి ఉపయోగపడింది, మూసిన స్టేషనును మళ్లీ ఎందుకు తెరవవలసి వచ్చింది అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం వరుసగా చర్చిస్తుంది.

2. మార్గనిర్మాణ నేపథ్యం:
సెటిల్–కార్లైల్ మార్గం ఆ కొండప్రాంత ప్రజల అవసరం కోసం పుట్టినది కాదు. స్కాట్లండుకు వెళ్లే ప్రయాణికుల కోసం రెండు పెద్ద కంపెనీల మధ్య జరిగిన పోటీలోంచి పుట్టింది. డెర్బీ కేంద్రంగా పనిచేసిన మిడ్‌లాండ్ రైల్వేకు 19వ శతాబ్ది మధ్యభాగంలో స్కాట్లండుకు సొంత మార్గం లేదు. ఇంగిల్టన్ వద్ద తన ప్రయాణికులను ప్రత్యర్థి కంపెనీ అయిన లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు అప్పగించవలసి వచ్చేది. ఆ కంపెనీ సహకరించేది కాదు. ఇంగిల్టన్‌లో ఇద్దరి స్టేషన్లూ లోయకు చెరొకవైపున ఉండడంతో ప్రయాణికులు సామాను మోసుకుంటూ నడిచి రైలు మారవలసిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ పరిస్థితిలో మిడ్‌లాండ్ కంపెనీ సొంత మార్గానికి పూనుకుని 1866లో పార్లమెంటు అనుమతి పొందింది. ఆ వెంటనే ఆర్థిక సంక్షోభం వచ్చింది. ప్రత్యర్థి కంపెనీతో రాజీ కుదిరే సూచనలు కూడా కనిపించాయి. దానితో మిడ్‌లాండ్ ఈ ఆలోచనను విరమించుకోదలచి, అందుకు అనుమతి కోరుతూ 1869లో మరొక బిల్లును పార్లమెంటు ముందు ఉంచింది. ఈ మార్గం వల్ల తమకు ప్రయోజనం ఉంటుందని ఆశించిన ఇతర రైల్వే కంపెనీలు అభ్యంతరం చెప్పడంతో పార్లమెంటు ఆ బిల్లును తిరస్కరించింది. అంటే, నిర్మించవలసిన కంపెనీయే వద్దనుకున్న మార్గాన్ని చట్టం పట్టుబట్టి కట్టించింది. నూటఇరవై ఏళ్ల తరువాత, నడిపే సంస్థయే వద్దనుకున్న ఇదే మార్గాన్ని ప్రభుత్వ నిర్ణయం నిలబెట్టింది. ఈ పోలిక ఈ మార్గ చరిత్రను అర్థం చేసుకోవడానికి కీలకమైనది.

1869 చివర పనులు మొదలైనాయి. 72 మైళ్ల మార్గానికి సుమారు 36 లక్షల పౌండ్లు ఖర్చయింది. ప్రధాన ఇంజనీరు జాన్ సిడ్నీ క్రాస్లీ. వేగంగా పోయే స్కాట్లండు రైళ్ల కోసం ఉద్దేశించిన మార్గం కనుక వాలు నూరు అడుగులకు ఒక అడుగుకు మించకూడదని నిర్ణయించారు. ఆ నియమాన్ని కొండల నడుమ పాటించాలంటే కొండను తొలచాలి, లేదా లోయమీద వంతెన కట్టాలి. సెటిల్ నుంచి బ్లీ మూర్ వరకు సాగే సుదీర్ఘమైన ఎక్కుడును రైల్వే సిబ్బంది ‘లాంగ్ డ్రాగ్’ అని పిలిచేవారు. బొగ్గు ఎగదోసే ఫైర్‌మన్ కష్టం ఆ పేరులోనే ఉన్నది.

3. బ్యాటీ మాస్: కూలీల వాడలు:
రిబుల్‌హెడ్ వద్ద బ్యాటీ మాస్ అనే బురదనేలను దాటడానికి 24 కమానుల రాతి వంతెనను నిర్మించారు. దాని పొడవు 440 గజాలు, గరిష్ఠ ఎత్తు 104 అడుగులు. 1870 అక్టోబరులో తొలి రాయి వేశారు. ప్రతి ఆరవ స్తంభాన్ని తక్కినవాటి కంటె మందంగా కట్టారు. ఎక్కడైనా ఒక స్తంభం కూలితే నష్టం ఆరు కమానులకే పరిమితం కావాలన్నది అందులోని ఆలోచన. వంతెనకు ఉత్తరాన బ్లీ మూర్ కొండ కింద 2,629 గజాల సొరంగాన్ని తవ్వారు.

ఈ పనుల కోసం వచ్చిన వందలాది కూలీలు కుటుంబాలతో సహా అక్కడే కొయ్యగుడిసెలలో నివసించారు. కాలువలు తవ్విన కాలం నుంచి ఇటువంటి శ్రామికులను ఇంగ్లండులో ‘నావీలు’ అని పిలుస్తూ వచ్చారు. వారి వాడల పేర్లు గమనింపదగినవి. క్రిమియా యుద్ధాన్ని గుర్తుచేసే సెబాస్టపోల్, ఇంకర్‌మన్. బైబిలు నుంచి తీసుకున్న జెరికో. లండనులోని ధనికుల పేట పేరు తగిలించుకున్న బెల్‌గ్రేవియా. బురదలో గుడిసె వేసుకుని దానికి బెల్‌గ్రేవియా అని పేరు పెట్టడంలోని వ్యంగ్యాన్ని చరిత్రకారుడు విస్మరించరాదు. సొంత రచనలు మిగల్చని ఒక శ్రామికవర్గం తన స్థితి గురించి చేసిన వ్యాఖ్య అది.

ఆ వాడలలో దుకాణాలు, బడి, ఆసుపత్రి, మతప్రచారకుల సేవ వెలిశాయి. 1871లో మశూచి వ్యాపించింది. రోగాలవల్ల, ప్రమాదాలవల్ల మరణించినవారిలో సుమారు 200 మందిని సమీపంలోని చాపెల్-లె-డేల్ చర్చి శ్మశానవాటికలో ఖననం చేశారు. వారిలో స్త్రీలు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ చిన్న శ్మశానవాటిక చాలక దానిని విస్తరించవలసి వచ్చింది. పనులు ముగియగానే గుడిసెలను విప్పివేశారు. వేలమంది మసలిన నేల మళ్లీ గొఱ్ఱెల బీడైంది. నేడు ఆ వాడల అవశేషాలు రక్షిత పురాస్థలంగా గుర్తింపు పొందాయి.

4. స్టేషను స్థాపన, నామకరణం:
మార్గంలో సరకు రైళ్లు 1875లోను, ప్రయాణికుల రైళ్లు 1876 మే 1వ తేదీనుంచి నడవసాగాయి. రిబుల్‌హెడ్ స్టేషను మాత్రం ఏడు నెలలు ఆలస్యంగా, 1876 డిసెంబరు 4న ప్రారంభమైంది. అప్పుడు దాని పేరు ‘బ్యాటీ గ్రీన్’. 1877 మే 1న ‘రిబుల్‌హెడ్’గా మారింది. మొదటి పేరు కూలీల వాడలకు ఆశ్రయమిచ్చిన నేలది. రెండవది రిబుల్ నది మొదలయ్యే చోటును సూచిస్తుంది. పేరు మార్పు వెనుక ఉద్దేశం ఏదైనా, ఫలితం మాత్రం ఒకటే. శ్రామికుల నివాసాన్ని గుర్తుచేసే పేరు రైల్వే సమయపట్టికలోంచి తొలగి, ప్రకృతిని సూచించే పేరు నిలిచింది. స్టేషను తెరిచేనాటికి దానిని ఎక్కువగా ఉపయోగించుకోగల జనం అక్కడినుంచి వెళ్లిపోతూ ఉండడం మరొక వైచిత్రి.

స్టేషను భవనాన్ని మిడ్‌లాండ్ కంపెనీ వాస్తుశిల్పి జాన్ హాలోవే శాండర్స్ రూపొందించారు. ఈ మార్గంలోని స్టేషన్లను ఆయన పెద్ద, మధ్యస్థ, చిన్న అనే మూడు పరిమాణాలలో, ఒకే శైలిలో నిర్మించారు. నిటారైన త్రికోణ ముఖభాగాలు, గోథిక్ ఛాయలు గల ఈ శైలిని ‘డెర్బీ గోథిక్’ అంటారు. రిబుల్‌హెడ్ చిన్న తరగతికి చెందినది. పరిమాణం చిన్నదైనా పనితనంలో లోపం లేదు. ఎవరూ లేని చోట కూడా కంపెనీ తన హోదా ప్రకటించుకోదలచిందని ఆ కట్టడం చెప్పకనే చెబుతుంది.

5. స్టేషను అందించిన సేవలు:
రైలుకు టిక్కెట్టు అమ్మడం స్టేషను సేవలలో ఒకటి మాత్రమే. రిబుల్‌హెడ్ సేవలను మూడు విధాలుగా వర్గీకరించవచ్చు.

అ) రవాణా సేవలు: చుట్టుపక్కల పొలాల ఇళ్లవారికి సంతలకు, పట్టణాలకు దారి చూపింది. ఇక్కడి క్వారీలలోని రాయి, సున్నం బయటి విపణికి చేరడానికి సరకు సైడింగులు తోడ్పడ్డాయి. మంచు కురిసే నెలలలో రోడ్లు మూసుకుపోయినప్పుడు రైలు తప్ప మరో ఆధారం ఉండేది కాదు. 1947 శీతకాలంలో ఆ రైలుమార్గం కూడా వారాల తరబడి మంచులో కూరుకుపోయింది.

ఆ) సామాజిక సేవలు: దగ్గరలో గ్రామం లేకపోవడంతో స్టేషనే సామాజిక కేంద్రమైంది. ఒకప్పుడు ఆదివారపు ప్రార్థనలు స్టేషనులోనే జరిగేవి. టిక్కెట్లు అమ్మిన గదిలోనే కీర్తనలు వినిపించేవి. సిబ్బంది కోసం సాల్ట్ లేక్ అనే చోట కంపెనీ ఇళ్లు కట్టించింది. స్టేషను మాస్టరు కుటుంబం, పట్టాల మరమ్మతు కూలీలు, సిగ్నల్‌మన్‌లు కలిసి ఒక చిన్న ఊరుగా జీవించారు.

ఇ) శాస్త్రీయ సేవలు: ఇక్కడి గాలివానల తీవ్రత వల్ల 1930ల చివరి నుంచి ఈ స్టేషను వాతావరణ పరిశీలన కేంద్రంగా కూడా పనిచేసింది. గాలివేగం, వర్షపాతం, మేఘాల స్థితి నమోదు చేసి పంపే బాధ్యత స్టేషను మాస్టరుపై పడింది.

ఈ మూడింటిలో మొదటిదానికి మాత్రమే రైల్వే ఖాతాలలో ఆదాయం రూపంలో చోటున్నది. మిగిలిన రెండూ ఖాతాలకు అందనివి. తరువాతి చరిత్ర ఈ తేడా మీదనే నడిచింది.

6. లెక్కల కొలమానం (1963–1970):
1923లో ఈ మార్గం లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వేలో కలిసింది. 1948లో జాతీయకరణతో బ్రిటిష్ రైల్వేస్ అధీనంలోకి వచ్చింది. 1950లలో నష్టాలు పెరగడంతో బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ 1963 మార్చిలో ప్రసిద్ధమైన పునర్వ్యవస్థీకరణ నివేదిక ప్రకటించారు. మొత్తం మార్గాలలో మూడోవంతు కేవలం ఒక శాతం ప్రయాణికుల రాకపోకలనే మోస్తున్నదని ఆ నివేదిక చూపింది. 2,363 స్టేషన్లను, సుమారు 5,000 మైళ్ల మార్గాన్ని మూసివేయాలని సూచించింది. సెటిల్–కార్లైల్ మార్గంలోని ప్రయాణికుల రైళ్లు కూడా ఆ సూచనలలో ఉన్నాయి.

నివేదికకు ఆధారమైన గణన 1961 ఏప్రిల్‌లో ఒక వారంలో జరిగింది. అది వేసవి విహారయాత్రలు ఊపందుకోని సమయం. పైగా స్టేషను ఆదాయాన్ని అక్కడ అమ్మిన టిక్కెట్ల బట్టి లెక్కించారు. దూరపు నగరంలో టిక్కెట్టు కొని వచ్చి దిగినవారి డబ్బు ఆ నగరపు ఖాతాలోకి వెళ్లింది. ఈ పద్ధతి సముద్రతీర విహారస్థలాల స్టేషన్లకు అన్యాయం చేసిందన్న విమర్శ సుప్రసిద్ధం. అదే విమర్శ రిబుల్‌హెడ్‌కు కూడా వర్తిస్తుంది. ఇక్కడినుంచి బయలుదేరేవారు కొందరే. కొండలెక్కడానికి ఇక్కడికి వచ్చేవారే ఎక్కువ. బయలుదేరేవారిని మాత్రమే లెక్కించే కొలమానం ఒక గమ్యస్థానాన్ని కొలవలేదు.

మార్గం అప్పటికి బతికినా చిన్న స్టేషన్లు బతకలేదు. 1970 మే 4 నుంచి సెటిల్, యాపిల్‌బీ మినహా మార్గంలోని తక్కిన చిన్న స్టేషన్లన్నీ మూతపడ్డాయి. రైళ్లు రిబుల్‌హెడ్ మీదుగా వెళ్లేవి కాని అక్కడ ఆగేవి కావు. 1970లలో క్వారీ సైడింగు కోసం ఉత్తరదిశకు వెళ్లే రైళ్ల ప్లాట్‌ఫారాన్ని తొలగించారు.

7. మూసివేతకు, రక్షణకు మధ్య (1975–1989):
మూతపడిన స్టేషనుకు తొలి ఊపిరి రైల్వే నుంచి కాక జాతీయ ఉద్యానవన యంత్రాంగం నుంచి అందింది. 1975లో యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానవనం ‘డేల్స్‌రైల్’ పేరుతో ప్రత్యేక రైళ్లను అద్దెకు తీసుకుని నడిపింది. మూతపడిన స్టేషన్లలో అవి ఆగి, నగరాలనుంచి నడకయాత్రికులను తీసుకువచ్చాయి.

1983లో బ్రిటిష్ రైల్ మొత్తం మార్గాన్నే మూసివేసే ఉద్దేశాన్ని ప్రకటించింది. ప్రధాన కారణంగా చూపినది రిబుల్‌హెడ్ వంతెన శిథిలావస్థ. మరమ్మతుకు లక్షలాది పౌండ్లు కావాలని సంస్థ అంచనా వేసింది. 1985లో భారం తగ్గించడానికి వంతెనపై రెండు జతల పట్టాలలో ఒక జతను తొలగించింది. కూలీల ప్రాణాలు తీసుకున్న వంతెన ఇప్పుడు మార్గం ప్రాణానికే ముప్పుగా మారింది.

ఇక్కడ చట్టపు చట్రాన్ని గమనించాలి. 1962 నాటి రవాణా చట్టం ప్రకారం మూసివేతపై అభ్యంతరాలు వస్తే రవాణా వినియోగదారుల సంప్రదింపుల సంఘం విచారించి మంత్రికి నివేదించాలి. మంత్రి అనుమతి లేనిదే మూసివేత కుదరదు. కాని ఆ సంఘం పరిశీలించవలసినది ఒక్కటే: మూసివేతవల్ల వినియోగదారులకు కలిగే ఇబ్బంది. వారసత్వం, ప్రకృతి, ప్రాంతీయ ఆర్థికం వంటి వాదాలకు ఆ చట్రంలో నేరుగా తావులేదు. రైలే ఆగని స్టేషనుకు వినియోగదారులు ఉండరు. వినియోగదారులు లేనిచోట ఇబ్బంది ఉండదు. ఆ విధంగా 1970 నాటి మూసివేత తరువాతి మూసివేతకు తానే సమర్థనగా మారే ప్రమాదం ఉన్నది.

ఆ వలయాన్ని రెండు శక్తులు ఛేదించాయి. మొదటిది ప్రజలది. 1981లోనే ఏర్పడిన సెటిల్–కార్లైల్ మార్గ మిత్రుల సంఘం అభ్యంతరాలను కూడగట్టింది. 22,000కు పైగా అభ్యంతరాలు దాఖలైనాయి. వాటిలో టిక్కెట్టుతో ప్రయాణించే ఒక పెంపుడు కుక్క పాదముద్రతో వచ్చినది కూడా ఉన్నది. రెండవది సంస్థ లోపలిది. మూసివేతను నిర్వహించడానికి నియమితుడైన అధికారి రాన్ కాటన్, మార్గం ఉన్నంతకాలం దానిని బాగా నడపాలని భావించి, రాయితీ ఛార్జీలతో, ప్రచారంతో ప్రయాణికులను ఆకర్షించారు. 1986 జూలైలో రిబుల్‌హెడ్‌తో సహా ఎనిమిది స్టేషన్లు తిరిగి తెరుచుకున్నాయి. 1983లో సుమారు 93,000గా ఉన్న ప్రయాణాల సంఖ్య 1989 నాటికి 4,50,000 వరకు పెరిగింది.

మూసివేత ముప్పే అనేకమందిని ఈ మార్గం చూడడానికి రప్పించిందన్న వాదం ఒకటున్నది. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని ముప్పు తొలగిన తరువాత కూడా మార్గం నిలిచి ఉండడం ఆ వాదపు పరిమితిని చూపుతుంది. మరోవైపు, వంతెనపై చేసిన ప్రయోగాత్మక మరమ్మతులు ఖర్చు తొలి అంచనాలంత భయంకరం కాదని తేల్చాయి. 1988లో ప్రభుత్వం మూసివేతవైపే మొగ్గినా, 1989 ఏప్రిల్ 11న రవాణా శాఖ సహాయమంత్రి మైకేల్ పోర్టిల్లో మూసివేతకు అనుమతి నిరాకరించినట్లు ప్రకటించారు.

8. పునరుద్ధరణ, నేటి సేవలు:
రక్షణ నిర్ణయంతో అన్నీ ఒక్కసారిగా చక్కబడలేదు. తొలగించిన ప్లాట్‌ఫారం లేకపోవడంవల్ల 1986 తరువాత కూడా దక్షిణదిశకు వెళ్లే రైళ్లు మాత్రమే రిబుల్‌హెడ్‌లో ఆగగలిగేవి. లీడ్స్ నుంచి వచ్చేవారు నేరుగా ఇక్కడ దిగే వీలు లేదు. ఉత్తరదిశ ప్లాట్‌ఫారాన్ని తిరిగి నిర్మించడానికి 1993 వరకు ఆగవలసి వచ్చింది. ఒక సేవను తొలగించడానికి పట్టే కాలానికీ, తిరిగి స్థాపించడానికి పట్టే కాలానికీ గల తేడాను ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

పాడుబడిన స్టేషను భవనాన్ని సెటిల్ అండ్ కార్లైల్ రైల్వే ట్రస్టు చేపట్టి పునరుద్ధరించింది. 2000 నాటికి అది సందర్శకుల కేంద్రంగా తెరుచుకుంది. నేడు లీడ్స్–కార్లైల్ మధ్య నార్దర్న్ సంస్థ రైళ్లు ఇక్కడ ఆగుతున్నాయి. స్టేషనులో రైల్వే ఉద్యోగులు లేరు. స్వచ్ఛంద కార్యకర్తలు ఆ లోటును కొంత పూరిస్తున్నారు. మూడు శిఖరాల నడకయాత్రికులకు, వంతెనను చూడవచ్చేవారికి ఇది ప్రధాన ద్వారం. స్టేషను పక్కనున్న సరకు సైడింగు 2010లో కలప రవాణాకు మళ్లీ ఉపయోగపడింది. స్టేషను ఉనికికి నాంది పలికిన స్కాట్లండు ఎక్స్‌ప్రెస్‌లు లేవు. అప్పట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని స్థానిక ప్రయాణికుడు, నడకయాత్రికుడు మిగిలారు.

9. ముగింపు:
పై పరిశీలన నుంచి ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

• రిబుల్‌హెడ్ స్టేషను స్థానిక అవసరం వల్ల కాక కంపెనీల పోటీ పర్యవసానంగా పుట్టింది. అయినా కాలక్రమంలో ఆ ప్రాంతపు సామాజిక జీవనానికి ఆధారమైంది. ఒక సంస్థ పుట్టుకకు కారణమూ, దాని ప్రయోజనమూ ఒకటే కానవసరం లేదు.
• బ్యాటీ గ్రీన్ రిబుల్‌హెడ్‌గా మారడంతో కూలీల స్మృతి పేరులోంచి తొలగింది. చాపెల్-లె-డేల్ శ్మశానవాటిక, వాడల అవశేషాలు మాత్రమే దానికి సాక్ష్యంగా నిలిచాయి.
• ఒక వారపు లెక్కతో, అమ్మిన టిక్కెట్లతో కొలిచినప్పుడు ఈ స్టేషను విలువ లేనిదిగా కనిపించింది. గమ్యస్థానంగా, సామాజిక కేంద్రంగా అది అందించిన సేవలు ఆ కొలమానానికి అందలేదు.
• మార్గాన్ని 1869లో పార్లమెంటు తిరస్కృతి, 1989లో మంత్రి తిరస్కృతి నిలబెట్టాయి. మొదటిసారి కంపెనీల ప్రయోజనం, రెండవసారి ప్రజల పట్టుదల అందుకు కారణాలు.

స్టేషను అంటే రైలు ఆగే చోటు. ఎవరికోసం ఆగాలన్నది మాత్రం ఇంజనీరింగు ప్రశ్న కాదు, ఖాతాల ప్రశ్న అంతకంటె కాదు. అది ఒక సమాజం తన మారుమూల మనుషుల పట్ల, వారిని చేరవచ్చే దూరపు మనుషుల పట్ల తీసుకునే నిర్ణయం. పదహారేళ్లు సాధారణ రైళ్లు ఆగని రిబుల్‌హెడ్‌లో ఇప్పుడు రెండు దిశలలోనూ రైళ్లు ఆగుతున్నాయంటే, అటువంటి నిర్ణయాలను మార్చుకోవడం సాధ్యమేనని చరిత్ర చూపుతున్నట్లు భావించవచ్చు.